మార్గశిర లక్ష్మివారం

తెల్లవారుజామున 3:40కి లాప్‌టాప్ మూశాను. రాత్రంతా కలిపి 41 చార్టులు, అంటే రోగుల రికార్డులు. వాటిలో నాలుగింటికి ఎఫ్32.ఎ పడింది. మా మెడికల్ కోడింగులో దానికి అర్థం ‘డిప్రెషన్, వివరాలు లేవు’ అని. ఈ కోడు వచ్చింది 2021 అక్టోబరులో. అంతకుముందు వివరాల్లేని దిగులుని కూడా ‘మేజర్ డిప్రెషన్’ కింద ఎఫ్32.9లో పడేసేవారు. అమెరికాలో ఎవరికో మనసు బాగోకపోతే ఇక్కడ పర్లాకిమిడిలో కూచుని నేను దానికి నంబరేస్తాను. నాకే నంబరు పడిందో తెలీదు. శ్రీకాకుళంలో డాక్టరుగారి చీటీ మీద రాత అర్థం కాలేదు, మాత్రల పేరు మాత్రం మందుల షాపువాడికి అర్థమైంది. ఆ మాత్రలు మొదలెట్టి ఇవాళ్టికి 47వ రోజు.

నిద్ర పట్టలేదు. అయిదుంపావుకి పక్కింటి గేటు చప్పుడైతే లేచి వెళ్ళాను. ఒడియా మావుసి వాకిట్లో ఝోటి ముగ్గు పెడుతోంది. వాళ్ళ మార్గశిరం మన కంటే పదిహేను రోజులు ముందే మొదలవుతుంది, అందుకని ఆవిడకి ఇది నాలుగో లక్ష్మివారం, అమ్మకి రెండోదే. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిని గిన్నెలో జారుగా కలుపుకుంది. మూడువేళ్ళు ముంచి గోడ మీద అలా విదిలిస్తే వరికంకి అయిపోతోంది. గేటు దగ్గర్నించి లోపలి బియ్యం డబ్బా దాకా చిన్నచిన్న పాదాలు. కింద మఠం వెయ్యకుండా గొంతుక్కూచునే గంటసేపు పెట్టింది. నేనూ పక్కనే గొంతుక్కూచున్నాను, పది నిమిషాలకే పిక్కలు పట్టేశాయి.

టాంజానియాలో వేట మీద, ఏరుకు తినడం మీద బతికే హాడ్జా వాళ్ళ గురించి ఈ మధ్య చదివాను. వాళ్ళూ రోజుకి దాదాపు 10 గంటలు కూచునే ఉంటారట. 2020లో లెక్క వేసి చూశారు. కాకపోతే కుర్చీలో కాదు, అందులో కొంతసేపు ఇలా గొంతుక్కూచోడమో మోకాళ్ళ మీదో. కాలి కండరాలు ఊరికే ఉండవన్నమాట. నా కుర్చీకి నడుము దగ్గర దిండు, చేతులకి దన్ను, అన్నీ ఉన్నాయి. కండరానికి పని ఒక్కటే లేదు.

ఈ చదువంతా ఎందుకు మొదలైందంటే, సిగ్గు వల్ల. ‘ఏటే, ఒళ్ళు బద్ధకమా?’ అని అమ్మ ఒకటే గోల. నాకూ అలాగే అనిపించేది. అప్పుడు రాండాల్ఫ్ నెస్సీ అనే అమెరికన్ మానసిక వైద్యుడి మాటలు కంటపడ్డాయి. పరిణామం వైపు నుంచి మనసు జబ్బుల్ని చూసే మనిషి. జ్వరం, దగ్గు, నొప్పి ఇవన్నీ జబ్బులు కావు, శరీరం పెట్టుకున్న కాపలా, దిగులు కూడా ఆ కోవలోదే అయ్యుండొచ్చంటాడు. మరి కాపలా అయితే ఇంత అతిగా ఎందుకు? దానికి ఆయన పొగ అలారం పోలిక చెప్పాడు. మాకు అలారాలు లేవు, కుక్కలున్నాయి. అమ్మమ్మ వాళ్ళ జీడితోటలో కుక్క రాత్రి ఆకు కదిలినా మొరుగుతుంది. తొమ్మిదిసార్లు వట్టిదే. పదోసారి ఎలుగుబంటి. తొమ్మిదిసార్లు నిద్ర చెడినా నష్టం లేదు, పదోసారి మొరగకపోతే మనిషే పోతాడు. అందుకని ప్రకృతి ఎక్కువ మొరిగే కుక్కనే ఉంచింది. నా లోపలి కుక్క ఒక్క ఏడాదిగా ఆపలేదు, అంతే తేడా.

ఇంకోటి నాకు మరీ దగ్గరగా తగిలింది. అందని దాని వెంట పడుతున్నప్పుడు ఉత్సాహం తగ్గిపోవడం మంచిదేనట. ‘ఇక్కడ ఇంకేం లేదు, బలం దాచుకుని వేరే చోటికి పద’ అని లోపల్నించి వచ్చే మాటట అది. మరి వదల్లేకపోతే? వదల్లేక, అందుకోనూలేక మనిషి మధ్యలో ఇరుక్కుంటే ఆ నీరసం ముదిరి జబ్బవుతుందంటారు. ఇది చదివి పుస్తకం మూసి పెరట్లోకి పోయాను. ఆరేళ్ళు ఉద్యోగ పరీక్షలు రాశాను నేను. ఒడిశా ఉద్యోగానికి ఒడియా పాసైన కాగితం కావాలి, నేను చదివింది తెలుగు. ఆంధ్రా ఉద్యోగానికి నేను నాన్‌లోకల్. పాతపట్నం ఇక్కడికి ఆటోలో పోయేంత దూరం, అక్కడి వాళ్ళు లోకల్, నేను కాదు. నాన్న పోయేదాకా ‘ఈసారి వస్తాదిలే’ అంటూనే ఉన్నారు. ఆయన నోట్లోంచి ఆ మాట వచ్చినంతకాలం నేనెలా వదిలెయ్యను?

ఏడున్నరకి మహేంద్రతనయ గట్టు దాకా నడిచాను. డాక్టరుగారు పొద్దుటెండ చూడమన్నారు. మంచు ఇంకా విడలేదు. ఫోనులో వెలుగు కొలిచే యాప్ ఉంటే సరదాకి పట్టి చూశాను. మంచులోనే 6,800 లక్స్. నా గదిలో ట్యూబులైటు కింద, నిన్న రాత్రి చూసింది, 140. కంటికి గదిలోనూ బాగానే ఉంటుంది, అదే చిక్కు, కన్ను సర్దుకుపోతుంది. లోపలి గడియారం సర్దుకోదు. పగలు ఇంత వెలుగు, రాత్రి చీకటి చూసి కట్టుకున్న గడియారానికి నేను పగలు కర్టెన్లు వేసి, రాత్రి నీలం తెర చూపిస్తున్నాను. కోడింగు పగలు చేసినా చార్టు పారిపోదు. అయినా ఏదో మీటింగు పేరు చెప్పి మా టీముకి రాత్రి షిఫ్టే వేశారు.

2015లో హాడ్జా, సాన్, చిమానే అనే మూడు తెగల నిద్రని కొలిచారు. ఏడెనిమిది గంటలు పడుకుంటారనుకుంటాం కదా, లేదు, 5.7 నుంచి 7.1 గంటలే. పొద్దు గూకగానే కాదు, మూడు గంటల తర్వాత పడుకుంటారు. కానీ ‘నిద్ర పట్టకపోవడం’ అన్నదానికి సాన్, చిమానే భాషల్లో మాటే లేదట. సవర భాషలో ఉందేమో చూడాలి. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే పంతులుగా ఉంటూ సవర నేర్చుకుని నిఘంటువు కూర్చారు. అందులో నిద్ర దగ్గర ఏం రాశారో ఒకరోజు లైబ్రరీలో పట్టాలి.

ఇంటికొచ్చేసరికి అమ్మ పూజ అయిపోయింది. చోడి అంబలి గ్లాసు నా ముందు పెట్టి, ‘మా కాలంలో ఈ డిప్రెషన్లూ గిప్రెషన్లూ ఏటీ లేవే. పొద్దున లేస్తే పని, రాత్రయితే నిద్ర’ అంది. అమ్మ అన్నది, ఆ పరిణామం చదువులన్నది దాదాపు ఒకటే. పాత బతుకుకి తయారైన ఒళ్ళు, కొత్త బతుకులో ఇమడట్లేదు అని. నేను ఒప్పేసుకుందును. కానీ అంబలి తాగుతూ చిన్నమ్మమ్మ గుర్తొచ్చింది.

‘మరి మెళియాపుట్టి చిన్నమ్మమ్మ?’ అన్నాను.

అమ్మ గరిటె ఆపింది. ‘అది వేరు. దానికి గాలి తగిలింది.’

చిన్నమ్మమ్మ కోడి కూతకి లేచేది. తిండి చోడీ గంటెలూ. పద్నాలుగు మంది ఉన్న ఇల్లు, రోజంతా పొలంలో ఎండ. ఇప్పుడు డాక్టర్లు చేయమంటున్నవన్నీ డబ్బివ్వకుండా ఆవిడకి దొరికాయి. అయినా రెండు వానాకాలాలు ధాన్యం గదిలో గోడ వైపు తిరిగి పడుకుందట. పిల్లలు పిలిచినా తిరగలేదట. తాయెత్తులు కట్టారు, కోడిని కోశారు. తర్వాత ఓ రోజు లేచి ఊడుపులకి వెళ్ళింది. ఎలా లేచిందో అమ్మకి తెలీదు, ఎవరూ అడగలేదు.

కాబట్టి పాతకాలం బంగారం అనే వాళ్ళని నేను నమ్మను. బతుకు మారింది కనక దిగులు పెరిగిందనడం కొంత నిజమై ఉండొచ్చు. నా షిఫ్టు సంగతి నాకు తెలుసు కదా. కానీ అది ఒక్కటే కారణమైతే చిన్నమ్మమ్మ గోడ వైపు ఎందుకు తిరుగుతుంది? ఇంకొందరు దిగులంటే సమస్య గురించి లోతుగా ఆలోచించడానికి ప్రకృతి ఇచ్చిన తీరిక అని 2009లో రాశారు. ఇది చదివితే మాత్రం నాకు ఒళ్ళు మండింది. రాత్రి రెండింటికి నాన్న చివరి ఫోను కాల్ వందోసారి నెమరేసుకోవడంలో నేను పరిష్కరించిన లెక్క ఒక్కటీ లేదు. జబ్బు చేసిన దూడ మేత మానేసి మూల పడుకున్నట్టు, లోపల ఏదో మంట రేగినప్పుడు మనిషీ ముడుచుకుంటాడన్న మాట నయం. హెపటైటిస్‌కి ఇంటర్‌ఫెరాన్ సూదులు వేస్తే చాలామందికి ఉత్తినే దిగులు పట్టుకునేదట. చిన్నమ్మమ్మకి ఆ రెండేళ్ళూ జ్వరాలు వచ్చేవా అని అడిగితే అమ్మ, ‘మా ఊళ్ళో మలేరియా లేనిదెవరికే’ అంది.

కారణం తెలిస్తే జబ్బు పోదు. పోయింది సిగ్గు మాత్రమే. మాత్ర వేసుకుని పదకొండింటికి పడుకున్నాను.

లేచేసరికి నాలుగున్నర, ఎండ అయిపోవచ్చింది. మావుసి గోడ మీంచి పిలిచి, కుడుముల్లాంటి మొండా పిఠా చేశాను గానీ ఇవాళ ఇవ్వను, లక్ష్మివారం ఇంట్లోంచి ఏదీ బయటికి పోకూడదు, రేపు పొద్దున్నే ఏడింటికి వచ్చి పట్టుకుపో అంది. ఏడింటికి అంటే నేను పడుకుని మూడు గంటలు కూడా అవదు.

షిఫ్టు మొదలయ్యే ముందు పోర్టల్లో పగటి షిఫ్టుకి దరఖాస్తు తెరిచాను. అయిదు నెలలుగా తెరుస్తూ మూస్తున్నదే. కారణం దగ్గర నొక్కితే మూడు మాటలు దిగుతాయి: పెళ్ళి, వ్యక్తిగతం, ఆరోగ్యం. ఇన్నాళ్ళూ ‘వ్యక్తిగతం’ దగ్గర ఆగి మూసేసేదాన్ని. ఇవాళ ఆరోగ్యం నొక్కి, డాక్టరుగారి చీటీ ఫోటో తీసి పెట్టి పంపేశాను. ఫోటోలో ఓ మూల గోడ మీది వరికంకి ముక్క పడింది, మళ్ళీ తియ్యలేదు. అప్పటికి 6:28 అయింది.