ఫణిగిరి రాళ్ల దగ్గరికి అమ్మను తీసుకెళ్లాను

2023 జూలైలో అమ్మ సూర్యాపేట నుంచి అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఉన్న మా ఇంటికి వచ్చింది. అదే నెల 21న న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 'ట్రీ అండ్ సర్పెంట్' అనే ప్రదర్శన మొదలైంది. చెట్టు, పాము అని అర్థం. క్రీస్తుపూర్వం 200 నుంచి క్రీస్తుశకం 400 వరకు మన దేశంలో చెక్కిన తొలినాటి బౌద్ధ శిల్పాలు, 125కు పైగా వస్తువులు. ఒకరోజు ఆఫీసులో భోజనం చేస్తూ ఫోన్‌లో ఆ వస్తువుల ఫోటోలు చూస్తుంటే, ఒక రాతి తోరణపు (ప్రవేశద్వారపు) దూలం కింద 'ఫణిగిరి, సూర్యాపేట జిల్లా, తెలంగాణ' అని ఉంది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఫణిగిరి మా అమ్మమ్మ వాళ్ల ఊరికి దగ్గర. అమ్మ చిన్నప్పుడు ఆ గుట్టను దూరం నుంచి చూసిందట గానీ ఎప్పుడూ ఎక్కలేదు. "పైన పాములుంటయి, పోవద్దని మా అవ్వ బెదిరిచ్చేది" అంది. ఆ గుట్ట మీది రాయి న్యూయార్క్ దాకా వచ్చిందంటే ముందు నమ్మలేదు. ఫోటో చూపిస్తే చాలాసేపు చూసి, "ఎప్పుడు పోదాం?" అంది.

మొదట బుధవారం వెళ్దామనుకున్నాను, ఆ రోజు నాకు మీటింగులు తక్కువ. తీరా చూస్తే బుధవారం మ్యూజియానికి సెలవు. శుక్ర, శనివారాల్లో రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుందని తెలిసి, సెప్టెంబరులో ఒక శుక్రవారం సగం రోజు సెలవు పెట్టాను. టికెట్ పెద్దవాళ్లకు 30 డాలర్లు, 65 దాటినవాళ్లకు 22. న్యూయార్క్ రాష్ట్రంలో ఉండేవాళ్లు తమకు తోచినంత ఇవ్వొచ్చు. న్యూజెర్సీ వాళ్లలో ఆ వీలు విద్యార్థులకే. ఈ ప్రదర్శనకు వేరే టికెట్ అక్కర్లేకపోయింది. అమ్మకు 67 ఏళ్లు కాబట్టి ఇద్దరికీ కలిపి 52 డాలర్లు అయింది.

అసలు టెన్షన్ అమ్మ మోకాళ్ల గురించి. ఆ మ్యూజియం అనగానే అందరికీ గుర్తొచ్చేది ముందున్న పెద్ద మెట్ల వరస. కానీ 81వ వీధి మూలన మెట్లు లేని ద్వారం ఒకటి ఉంది. సామాన్లు పెట్టే కౌంటర్ దగ్గర వీల్‌చైర్ ఉచితంగా ఇస్తారు, ముందు అడిగినవాళ్లకు ముందు. ఈ రెండు సంగతులు తెలిశాకే నాకు ధైర్యం వచ్చింది. అయితే అమ్మ ఒప్పుకోవాలి కదా. "నేనేమన్న రోగిష్టిదాన్నా?" అని మొహం ముడుచుకుంది. "నువ్వు నడుస్తూ కాళ్ల నొప్పి గురించే ఆలోచిస్తే రాళ్లెప్పుడు చూస్తావమ్మా" అన్నాను. ఏమీ అనకుండా కూర్చుంది. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే: లోపల గంటల తరబడి నడక ఉంటుంది, వీల్‌చైర్ అడగడానికి మొహమాటపడొద్దు.

రెండో సంగతి భాష. అక్కడ రాసిపెట్టినవన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. అమ్మ ఏడో తరగతి దాకా తెలుగులో చదువుకుంది. రాళ్లు మన ఊరివి, వాటి పక్కన రాసిన మాట మా అమ్మకు అర్థం కాదు. ఈ విషయం నన్ను చాలా బాధపెట్టింది. అందుకని రెండు వారాల పాటు రాత్రిళ్లు కూర్చుని, ఒక్కో వస్తువు గురించి వెబ్‌సైట్‌లో ఉన్నది చదివి, నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకున్నాను. తోరణం, స్తంభం, కలశం, ఛత్రం ఎలాగూ మన మాటలే. ధాతుపేటిక దగ్గర మాత్రం ఆగిపోయాను. చివరికి 'అస్థికలు దాచిన పెట్టె' అని రాసుకున్నాను.

ఆ రోజు మెట్రోపార్క్‌లో రైలెక్కి పెన్ స్టేషన్‌లో దిగి, మాడిసన్ అవెన్యూ మీదుగా వెళ్లే ఎం-4 బస్సు పట్టుకున్నాం. సబ్‌వే త్వరగా చేరుస్తుంది కానీ అన్ని స్టేషన్లలో లిఫ్టులు లేవు. నాలుగున్నరకు లోపలికి వెళ్లాం.

గదుల్లో వెలుతురు తక్కువ, రాళ్ల మీద మాత్రమే దీపాలు. కృష్ణా తీరపు సున్నపురాయి ఆ వెలుగులో పాలలో కొంచెం ఆకుపసరు కలిపినట్టు కనిపించింది. స్తూపం చెక్కిన ఒక పలక ముందు కుర్చీ ఆపాను. గుండ్రటి స్తూపాన్ని పాములు చుట్టుకుని, పడగలు విప్పి ఉన్నాయి. నేను నోట్‌బుక్ తీసి రామగ్రామ స్తూపం కథ మొదలుపెట్టాను: బుద్ధుడి ధాతువులను, అంటే అస్థికలను, ఎనిమిది భాగాలు చేసి ఎనిమిది స్తూపాలు కట్టారని, వాటిని అశోకుడు తెరిపిస్తుంటే రామగ్రామంలో దాన్ని మాత్రం నాగులు తెరవనివ్వలేదని. నేను చదువుతూనే ఉన్నాను. అమ్మ మెల్లగా అంది, "గిది పుట్టనే గద బిడ్డా."

నేను ఆగిపోయాను. నిజమే. గుండ్రటి మట్టికుప్ప, చుట్టూ పాములు, చేతులు జోడించిన ఆడవాళ్లు. రెండు వారాలు చదివినా నాకు తట్టలేదు. ఆ ఏడాది అధిక శ్రావణం వచ్చి నాగుల పంచమి ఆగస్టు 21న పడింది. ఎడిసన్‌లో పుట్ట ఎక్కడుంటుంది? అమ్మ దేవుడి ముందు గిన్నెలో పాలు పెట్టి, ఆ రోజంతా వెలితిగా తిరిగింది. నెల తిరక్కుండానే, ఈ గదిలో అమ్మ కుర్చీలోంచి ముందుకు వంగి ఆ రాయికి దండం పెట్టింది. పక్కనున్న సెక్యూరిటీ ఆయన చూసి, ఏమీ అనకుండా అటు జరిగి నిలబడ్డాడు.

అక్కణ్నుంచి నోట్‌బుక్ సంచిలో పెట్టేశాను. అమ్మే చూస్తూ అడిగేది, నాకు తెలిసింది చెప్పేదాన్ని. అమరావతిలో దొరికిన ఒక రాతి మీద 'నాగబు' అనే మాటను వేటూరి ప్రభాకరశాస్త్రి గారు గుర్తించారని, మనకు తెలిసిన తొలి తెలుగు మాటల్లో అదొకటని చెబుతారని అన్నాను. ఆ రాయి ఈ ప్రదర్శనలో లేదు. అయినా "మన మొదటి మాటే నాగులదా" అని అమ్మ మళ్లీ మళ్లీ అనుకుంది. అమరావతి స్తూపానికి విధికుడనే చెప్పులు కుట్టే ఆయన కుటుంబమంతటితో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడని, ఆ సంగతి రాతి మీదే రాసి ఉందని చెబితే అమ్మకు ఎంతో నచ్చింది. రాజులు కట్టించినవే అనుకుందట ఇవన్నీ.

పిప్రహ్వా స్తూపంలో 1898లో దొరికిన రత్నాల దగ్గర మాత్రం అమ్మ మొహం మారింది. పూలలా చెక్కిన చిన్న చిన్న రాళ్లు, అస్థికలతో పాటు పెట్టినవి. తవ్వించిన బ్రిటిష్ ఎస్టేట్ మేనేజర్ కుటుంబం దగ్గరే కొన్ని ఉండిపోయాయి, అవే ఇవి. "బొక్కలతోని పెట్టినయి ఇంట్ల ఎట్ల పెట్టుకున్నరు?" అంది. నా దగ్గర జవాబు లేదు. 2025లో వాటిని హాంకాంగ్‌లో వేలం వేయబోయారు, భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పాక వేలం ఆగి, జూలైలో అవి మన దేశానికి తిరిగొచ్చాయి. ఆ రోజు ఫోన్ చేస్తే అమ్మ, "ఎవ్వి, ఆ పూల రాళ్లేనా? మంచిగైంది" అంది.

ఫణిగిరి తోరణం దగ్గర దాదాపు గంట ఉన్నాం. 2003 తవ్వకాల్లో బయటపడిన దూలం అది. అమ్మ అందులోని కథను పట్టించుకోలేదు. మనుషులను చూసింది. వాళ్ల కడియాలు, నడుముకు చుట్టుకున్న గుడ్డ మడతలు, తలపాగాలు. "మా తాత గిట్లనే చుట్టేటోడు" అంది ఒకచోట. నేను రాతిని చూడటం మానేసి అమ్మనే చూస్తూ నిలబడ్డాను. ఒక అమెరికన్ ఆవిడ వచ్చి ఈ ఊరు ఎక్కడని నన్నడిగితే, నేను నోరు తెరిచేలోపే అమ్మ తన గుండె మీద చెయ్యి పెట్టుకుని "నల్లగొండ" అంది. 2016లో జిల్లా మారినా అమ్మకు ఇప్పటికీ నల్లగొండే.

ప్రదర్శన నవంబరు 13న ముగిసింది. మూసే ముందు అమ్మ అడిగితే ఇంకోసారి తీసుకెళ్లాను. ఈసారి నేనేమీ చెప్పలేదు, మా అబ్బాయికి అమ్మే చెప్పుకుంటూ పోయింది. ప్రదర్శన అక్కణ్నుంచి సియోల్‌కు వెళ్లింది. అమ్మ డిసెంబరు మొదట్లో ఇంటికి వెళ్లిపోయింది.

సంక్రాంతి తర్వాత తమ్ముడు ఫణిగిరి గుట్ట కింది నుంచి వీడియో కాల్ చేశాడు. అమ్మ కారులో కూర్చుని ఉంది, వాడు పైకి ఎక్కుతున్నాడు. ఇటుకల మధ్య వాడు నడుస్తుంటే కింద నుంచి ఇంకో ఫోన్‌లో అమ్మ గొంతు, "జాగ్రత్త రా, పాములుంటయి."