సాక్ మార్చే రోజు

ఈరోజు నా రీఫ్ ట్యాంక్ (పగడాలు, చేపలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) కింద ఉండే వడపోత తొట్టిలో, అంటే సంప్‌లో, ఫిల్టర్ సాక్ మార్చాను. ట్యాంక్ పనుల్లో నాకు బొత్తిగా నచ్చనిది ఇదే. పైనుంచి పైపులో దిగే నీళ్ళన్నీ ఈ గుడ్డ సంచిలోంచే సంప్‌లోకి పోతాయి. మిగిలిన మేత, చేపల మలం, నాచు ముక్కలు ఇందులో ఆగిపోతాయి. మూడు నాలుగు రోజులకు మించి ఉంచితే అదంతా అక్కడే కుళ్ళి అమ్మోనియా వదులుతుంది. బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. సంచి బయటికి తీసేదాకా చెత్త ఇంకా నీళ్ళలో ఉన్నట్టే లెక్క.

ఈసారి దాన్ని నేరుగా కుళాయి కింద పెట్టకుండా, ట్యాంక్ నీళ్ళు పోసిన తెల్ల టబ్‌లో తిరగేసి జాడించాను. టార్చ్ వేసి చూస్తే మురికి మధ్య తెల్లటి చుక్కలు గెంతుతున్నట్టు ఈదుతున్నాయి. కోపెపాడ్‌లు, రొయ్యల జాతి బుల్లి జీవులు! కొన్నిటికి వెనక గుడ్ల సంచులు కూడా వేలాడుతున్నాయి. వాటికంటే పెద్దగా, వంగిన ఒంటితో పక్కకు వాలి ఈదేవి యాంఫిపాడ్‌లు. కాసేపు పని మర్చిపోయి చూస్తూ కూర్చున్నాను.

ఇవి ఇక్కడ చిక్కడంలో వింతేం లేదు. నా సాక్ రంధ్రాలు 200 మైక్రాన్లవి. ఎదిగిన కోపెపాడ్ అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా ఉంటుంది, అంటే 500 నుంచి 1000 మైక్రాన్లు. అప్పుడే పుట్టిన పిల్లలైతే కొత్త సాక్‌లోంచి జారిపోగలవు. కానీ చెత్త పేరుకుని రంధ్రాలు ఇరుకైపోతే వాటికీ దారి ఉండదు. పైన మాండరిన్ చేప పొద్దస్తమానం రాళ్ళ మీద వీటినే ఏరుకుని తింటుంది. పెల్లెట్ల వంక చూడనైనా చూడదు. దాని మేతను మనమే వడకట్టి సింకులో పారబోయడం ఏం న్యాయం?

పైగా ఈ జీవులు చేసేదీ శుభ్రం చేసే పనే. రాళ్ళ సందుల్లో, ఇసుకలో, ఏ వడపోతా చేరలేని చోట నాచు పొరనీ కుళ్ళినదాన్నీ తింటాయి. నీళ్ళు అద్దంలా మెరవాలని 50 మైక్రాన్ల సాక్ రాత్రింబవళ్ళు పెట్టేవాళ్ళున్నారు. ఫొటోలకు బాగుంటుంది. నీళ్ళలో తేలే నలుసులు పగడాలకు కూడా తిండేనని వాళ్ళకు ఎవరైనా చెప్పాలి.

రెఫ్యూజియం, అంటే నాచూ ఈ చిన్న జీవులూ చేపల బెడద లేకుండా పెరిగే చోటు, సాక్ తర్వాతి అరలో ఉండటం నయమైంది. అక్కడ కీటో నాచులో పుట్టినవి రిటర్న్ పంపు దారిన పైకి పోతాయి, సాక్ వాటికి అడ్డు రాదు. పంపులో నలిగిపోతాయేమోనని టెన్షన్ పడేవాణ్ణి గానీ, ఇంత చిన్నవి కాబట్టి చాలావరకు బతికే చేరతాయి.

టబ్‌లో మురికి అడుక్కి దిగాక ఒక మూల టార్చ్ ఆనించి పెట్టాను. వెలుతురు దగ్గరికి చాలానే పోగయ్యాయి. సిరంజితో లాగి రెఫ్యూజియంలో వదిలాను. అన్నీ దొరకలేదు, ఓపిక ఉన్నంతవరకే.

ఇకనుంచి సాక్ రోజూ పెట్టను. రాళ్ళ మీది మడ్డిని ఊది లేపిన రోజున మాత్రం కొన్ని గంటలు పెట్టి తీసేస్తాను. నురగతో మురికి లాగేసే స్కిమ్మర్ ఎలాగూ నడుస్తూనే ఉంటుంది. నైట్రేట్ ఇప్పుడు 10 ppm లోపే ఉంది. వారం వారం టెస్ట్ చేస్తాను, అది 20 దాటితే సాక్ మళ్ళీ రోజూ పెట్టక తప్పదు.