పైపు పగిలింది: ముందు కరెంటు, ఆ తర్వాతే నీళ్లు

అందరం పడుకున్నాక వంటింట్లో ఠప్పుమని చప్పుడైంది, ఆ వెనకే జోరుగా నీళ్ల శబ్దం. సింక్ కింద కనెక్షన్ పైపు, అదే లోపల రబ్బరు గొట్టం, పైన స్టీలు అల్లిక ఉంటుంది చూడండి, అది నట్టు దగ్గర తెగిపోయి నీళ్లు నేలంతా పరుచుకుంటున్నాయి. గోడ వారగా కింద ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు, అదీ ఆన్‌లోనే.

తమ్ముడు తువ్వాలు తీసుకుని లోపలికి పరుగెత్తబోయాడు. "ఆగరా, నీళ్లలో కాలు పెట్టకు" అని అరిచాను. పైపు పగిలితే ఎవరి చెయ్యైనా ముందు ఆ కన్నం మీదికే పోతుంది, కానీ తడి నేల, దాని మీద కరెంటు ఉన్నచోట అంతకన్నా ప్రమాదం ఇంకోటి లేదు. మా మెయిన్ స్విచ్ హాల్లో ఉంది, అక్కడ నేల పొడిగానే ఉంది కాబట్టి చేతులు తుడుచుకుని ఆపేశాను. ఒకవేళ నీళ్లు అక్కడిదాకా వచ్చి ఉంటే, లేదా నీళ్లలో నడిస్తేగానీ స్విచ్ అందకపోతే, దాని జోలికి వెళ్లకుండా అందరినీ బయటికి తీసుకొచ్చి కరెంటు వాళ్లకు ఫోన్ చేయడమే. ఇది మాత్రం ఇంట్లో పిల్లలతో సహా అందరికీ తెలిసి ఉండాలి.

తర్వాత టార్చ్ వెలుతురులో సింక్ కింద యాంగిల్ కాక్, అంటే గోడలోంచి ఆ పైపుకి వచ్చే నీళ్లు ఆపే చిన్న కుళాయి, తిప్పితే కదల్లేదు. పానా పెట్టి బలంగా తిప్పుదామని తమ్ముడు అన్నాడు, నేను వద్దన్నాను, ఎందుకంటే అది గోడ దగ్గర విరిగితే ఇక అక్కడ నీళ్లు ఆపే దారే ఉండదు. నేరుగా ఇల్లంతటికీ నీళ్లు ఆపే మెయిన్ వాల్వ్ దగ్గరికి వెళ్లాం. మాది పాత గేట్ వాల్వ్, కుడివైపుకి చాలా చుట్లు తిప్పాలి, పైగా బిగుసుకుపోయి ఉంది. కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి ఓపిగ్గా ఆడిస్తూ పోతే కదిలింది. వాల్వ్ కట్టేసినా పైపుల్లో ఉన్న నీళ్లు ఇంకాసేపు కారుతూనే ఉంటాయి, దానికి టెన్షన్ పడక్కర్లేదు, అన్నిటికంటే కింద ఉన్న కుళాయి తిప్పి వదిలితే ఆ నీళ్లు అటు పోతాయి. గీజర్ స్విచ్ కూడా కట్టేశాం. కరెంటు మెయిన్ స్విచ్ మళ్లీ వేసినప్పుడు లోపల నీళ్లు లేకుండా అది ఆన్ అయితే కాయిల్ కాలిపోతుంది.

పొద్దున ప్లంబర్ వచ్చి కొత్త పైపు వేశాడు, యాంగిల్ కాక్ కూడా మార్చాడు, పాత మెయిన్ వాల్వ్ తీసేసి పావు చుట్టుతో మూసుకునే బాల్ వాల్వ్ పెట్టాడు. పక్కనే ఉండి చూశాను. ఆ నట్టు లోపల రబ్బరు వాషర్ ఉంటుంది కాబట్టి అక్కడ మరలకి చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేప్ అవసరం లేదట, చేత్తో బిగించి పానాతో ఇంకాస్త తిప్పితే చాలు, అతిగా బిగిస్తే వాషర్ నలిగిపోతుంది. నీళ్లు మెల్లగా వదిలి, జాయింటు చుట్టూ పొడి టిష్యూ కాగితం అద్ది చూశాం. కంటికి కనిపించని చెమ్మ కూడా కాగితం మీద తెలిసిపోతుంది. వేడినీళ్ల కుళాయిలో గాలి బుసలు ఆగి ధార నిండుగా పడ్డాకే గీజర్ వేశాను. తడిసిన ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం ఎండబెట్టి వాడే ప్రసక్తే లేదు, పారేశాం.

ఇప్పుడు కొన్ని నెలలకోసారి ఇంట్లో వాల్వులన్నీ ఒకసారి మూసి తెరుస్తున్నాం, కదిలిస్తూ ఉంటే బిగుసుకుపోవు. మెయిన్ వాల్వ్ మీద పెయింటుతో బాణం గుర్తు వేశాను, ఎటు తిప్పితే మూసుకుంటుందో అమ్మకి కూడా చేత్తో తిప్పించి చూపించాను. సింక్ కింద పెట్టే బ్లీచింగ్, యాసిడ్ సీసాలు అక్కడినుంచి తీసేశాం, వాటి ఆవిరికి ఆ స్టీలు అల్లిక తుప్పు పట్టి తెగుతుంది. బాత్రూం వాష్ బేసిన్ కింద పైపులు కూడా ఆ వయసువే, వాటి నట్ల దగ్గర అప్పటికే తుప్పు మరకలు కనిపిస్తున్నాయి, కాబట్టి అవీ మార్పించేశాను.