సదరం శాతం వేరు, బిడ్డకు చేయించే అసెస్‌మెంట్ వేరు

ఎదుగుదల ఆలస్యమైన పిల్లల తల్లిదండ్రులను మా కోనసీమ పల్లెల్లో పలకరించి, బిడ్డను ఎక్కడ చూపించారని అడిగితే, చాలామంది నోట వచ్చే జవాబు ఒక్కటే: "సదరం అయిపోయిందండి మాస్టారూ, డెబ్బై శాతం వేశారండి." ఇక చేయవలసినదంతా చేసేశామన్న నెమ్మది ఆ మాటలో వినిపిస్తుంది. వైకల్యం ఎంత శాతమో తేల్చి ధ్రువపత్రం ఇచ్చే ప్రభుత్వ శిబిరమే సదరం. అది అనవసరమని నేను అనను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతానికి తగ్గకుండా ఉన్నట్లు ధ్రువపత్రం ఉంటేనే పింఛను, బస్సు రాయితీ వంటివి అందుతాయి. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలయింది. కూలికి వెళ్ళే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. అయితే ఆ శిబిరంలో జరిగేది వైకల్యం ఎంత ఉన్నదో కొలవడం మాత్రమే. రేపు పొద్దున్న లేచాక ఆ బిడ్డకు ఏమి నేర్పాలి, ఎలా నేర్పాలి అన్నది ఆ కాగితంలో ఉండదు. అది చెప్పే పరీక్ష, అంటే అసెస్‌మెంట్, వేరే ఉన్నదని తెలియక, శాతం రాగానే ఆగిపోతున్న కుటుంబాలను చూస్తున్నందువల్లనే ఇది రాస్తున్నాను.

మా మనవరాలికి రెండేళ్ళు నిండినా మాటలు రాలేదు. అందరి ఇళ్ళలో వినిపించే మాటలే మా ఇంట్లోనూ వినిపించాయి. వసకొమ్ము అరగదీసి నాకించమన్నవారు ఉన్నారు, నాలుక కింద తీగ కోయించమన్నవారు ఉన్నారు, మేనమామకు కూడా నాలుగేళ్ళకే మాటలు వచ్చాయని గుర్తు చేసినవారు ఉన్నారు. పిలిస్తే తిరిగి చూడకపోవడాన్ని, కళ్ళలోకి చూడకపోవడాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు; ఆడపిల్ల కదా, సిగ్గు అన్నారు. ఆటిజం (ఎదుటివారితో కలవడంలో, మాటలో తేడా కనిపించే ఎదుగుదల సమస్య) ఉన్న ఆడపిల్లలను ఆలస్యంగా గుర్తించడానికి ఈ మాట కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

మాట ఒక్కటే గుర్తు కాదని పిల్లల డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్నతోనే మాకు అర్థమయింది. "అన్నం పెట్టేటప్పుడు చందమామను చూపిస్తే, మీ వేలిని చూస్తుందా, చందమామను చూస్తుందా, అసలు చూడదా?" అని ఆయన అడిగారు. ఎదుటివారు చూపించినదానిని చూడటం, తనకు నచ్చినదానిని వేలితో మనకు చూపించడం మాటకంటే ముందు రావలసిన మెట్లు. ఏడాది నిండేసరికి పేరు పెట్టి పిలిస్తే పలకాలి. ఏడాదిన్నరకు వేలు పెట్టి చూపించాలి, ఊతం లేకుండా నడవాలి. రెండేళ్ళకు రెండు మాటలు కలిపి చెప్పాలి. వీటిలో ఏది లేకపోయినా చూపించుకోవాలి. ఇక వచ్చిన మాటలు పోతే ఏ వయసులోనైనా ఒక్క వారం కూడా ఆగకూడదు.

మాటలు రాని బిడ్డకు ఏ థెరపీ అయినా మొదలుపెట్టే ముందు వినికిడి పరీక్ష చేయించాలి. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో పుట్టుకతో వచ్చే చెవుడు అరుదైనది కాదు; వినపడని బిడ్డను మొండిపిల్ల అనుకుని నెలలకు నెలలు గడిపేస్తే, మెదడు మాటను వేగంగా పట్టుకునే కాలం దాటిపోతుంది. చిన్నపిల్లలకు చేసే బెరా పరీక్షలో తలకు, చెవుల వెనుక చిన్న తీగలు అంటించి, చెవిలో శబ్దం వినిపించి, మెదడుకు అది చేరుతున్నదో లేదో చూస్తారు. అందుకు బిడ్డ కదలకుండా నిద్రపోవాలి. కాకినాడ వెళ్ళే రోజు తెల్లవారుజామునే లేపమన్నారు, దారిలో నిద్రపోనివ్వవద్దన్నారు. రాజోలు నుంచి అమలాపురం, ముమ్మిడివరం మీదుగా వెళ్ళే బస్సులో చల్లగాలికి పసిపిల్లను మేలుకొలిపి ఉంచడం ఎంత కష్టమో వెళ్ళినవారికి తెలుస్తుంది. ఎదుర్లంక వంతెన మీదకు వచ్చేసరికి పాప కళ్ళు మూతపడుతుంటే, మా కోడలు తడిగుడ్డతో మొహం తుడుస్తూ, గోదావరిలో పడవలు చూపిస్తూ కూర్చుంది. వినికిడి బాగానే ఉన్నదని తేలింది. దానితో ఒక దారి మూసుకుని, వెతకవలసిన దారి స్పష్టమయింది.

ఆ తరువాత జరిగిన అసెస్‌మెంటును నేను పక్కనే కూర్చుని చూశాను. స్పీచ్ థెరపిస్టు గారు బిగుతు మూత ఉన్న గాజులాంటి ప్లాస్టిక్ డబ్బాలో రంగు పూసలు వేసి, పాప ముందు పెట్టి, ఏమీ మాట్లాడకుండా ఊరుకున్నారు. పాప కాసేపు మూతతో పెనుగులాడింది. తరువాత ఆవిడ మొహం వైపు చూడకుండానే మణికట్టు పట్టుకుని, ఆ చేతిని తీసుకువెళ్ళి మూత మీద పెట్టింది. ఇంట్లో మాకు రోజూ జరిగేదే కాబట్టి అందులో వింత కనిపించలేదు. ఆవిడ మాత్రం రెండు సంగతులు రాసుకున్నారు: సాయం కావాలని, అది ఇంకొకరి దగ్గర దొరుకుతుందని బిడ్డకు తెలుసు, ఆ సాయం అడగడానికి చూపును, వేలిని, గొంతును వాడటం ఇంకా రాలేదు. నేర్పడం అక్కడి నుంచి మొదలుపెట్టాలన్నారు. సైకాలజిస్టు గారు సొంతంగా తినడం, బట్టలు వేసుకోవడం, తోటిపిల్లలతో ఆడటం వంటివి ఒక్కొక్కటే అడిగి రోజువారీ పనుల నేర్పును కొలిచే వైన్‌లాండ్ స్కేలు నింపారు. మన దేశంలో ఆటిజం తీవ్రతను కొలవడానికి వాడే ఇసా స్కేలులో 40 అంశాలు ఉంటాయి. తల్లి చెప్పినది, పరీక్షించేవారు చూసినది రెండూ కలిపి మార్కులు వేస్తారు. అయిదు నిమిషాల్లో తేల్చి చెప్పదగిన విషయం కాదిది.

డెల్టాలో నదీపాయలు, లంకలు దాటి థెరపీకి వెళ్ళి రావడమంటే కూలి పోగొట్టుకోవడమే. నదికి అవతల నరసాపురం కళ్ళకు కనిపిస్తున్నా పంటు కోసం కాచుకోవలసిన సఖినేటిపల్లి వాళ్ళకు ఇది చెప్పనవసరం లేదు. వారానికి ఒక గంట థెరపీ దొరికినా, మిగిలిన గంటలన్నీ బిడ్డ ఉండేది ఇంట్లోనే. అందువల్ల తల్లిని బయట కూర్చోబెట్టి తలుపు వేసుకునే థెరపీకంటే, తల్లికి చేసి చూపించి, ఆవిడ చేత చేయించి చూసే థెరపీ మనకు పనికి వస్తుందని గట్టిగా చెబుతాను. మా పాపకు చక్కెరకేళి అరటిపండు ప్రాణం. అడగకముందే ఒలిచి చేతిలో పెట్టడం వాళ్ళ నాయనమ్మకు అలవాటు. పండును మొహానికి ఎదురుగా పట్టుకుని, మనసులో అయిదు లెక్కపెట్టి, పాప కళ్ళెత్తి చూసిన మరుక్షణం "ఒలువు" అని ఒక్క మాట అని ఒలవమన్నారు. మొదట్లో ఏడ్చింది, పండు విసిరేసింది. కొన్నాళ్ళకు చూడటం, ఆ తరువాత చెయ్యి చాచడం, చాలా ఆలస్యంగా "ఒ" అనడం వచ్చాయి. ఖర్చు లేని ఈ పని రోజూ జరిగింది.

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల ఒంటి కదలికలు కుదరకపోవడం) ఉన్న పిల్లల విషయంలో ఇంటిపని ఇంకా ముఖ్యమైనది. బిగుసుకున్న కండరాలను రోజూ సాగదీయకపోతే అవి కురచబడి, కీళ్ళు వంకరపోవచ్చు. అప్పుడు ఆపరేషన్ దాకా వెళ్ళవలసి రావచ్చు. మా వీధిలో ఒక బాబుకు ఫిజియోథెరపిస్టు కాగితం మీద గీసి ఇచ్చిన కొలతలతో ఊరి వడ్రంగి మూలకుర్చీ (గోడమూలలా వెన్నుకు రెండు వైపులా ఆనిక ఇచ్చే కుర్చీ) చేసి ఇచ్చాడు. ఎప్పుడూ తల్లి చంకలోనే ఉండే బాబు ఇప్పుడు కూర్చుని, రెండు చేతులతో గిన్నె పట్టుకుంటున్నాడు.

ప్రైవేటు సెంటర్లకు వెళ్ళేవారు స్పీచ్ థెరపిస్టుకు, స్పెషల్ ఎడ్యుకేటరుకు, క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉన్నదేమో మొహమాటం లేకుండా అడగాలి. మూడు నెలల్లో మామూలు చేస్తామనే వారి దగ్గరకు వెళ్ళకూడదు. ఆటిజానికి గాని, సెరిబ్రల్ పాల్సీకి గాని మూలకణ (స్టెమ్ సెల్) చికిత్స మన దేశంలో ఆమోదం పొందిన వైద్యం కాదు. దానికోసం పొలం అమ్మవద్దు.

ప్రభుత్వం వైపు మార్గం లేకపోలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, బడిపిల్లలను ఒకసారి వైద్యబృందాలు చూడాలి; ఎదుగుదల లోపం కనిపించినవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. ఆ కేంద్రంలో పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు ఒకేచోట ఉండాలన్నది దాని ఏర్పాటు. బడి ఈడు పిల్లలకు ప్రభుత్వ విద్యా పథకమైన సమగ్ర శిక్ష వారి భవిత కేంద్రాలు ఉన్నాయి. కదలలేని పిల్లలకు ఇంటికి వచ్చి నేర్పే పద్ధతి కూడా ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నేషనల్ ట్రస్టు నిరామయ బీమా లక్ష రూపాయల వరకు ఉంది. థెరపీ ఖర్చులో కొంత అందులో వస్తుంది. దీనికి మాత్రం ధ్రువపత్రం కావాలి కాబట్టి సదరం మానవద్దు, దానితో ఆగవద్దు.

అంగన్‌వాడీలో బిడ్డను చూసి రిఫర్ చీటీ రాసి ఇచ్చాక, ఆ బిడ్డ కేంద్రానికి చేరిందో లేదో ఎవరో ఒకరు కనుక్కోవాలి. చీటీ మీద ఏ రోజు రావాలో, ఎవరిని కలవాలో రాసి ఉండాలి. మొదటిసారి ఆశా కార్యకర్త తోడు వెళ్ళాలి. రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరం లాంటి ఊళ్ళకు వారానికి ఒక్క రోజయినా థెరపిస్టులే రావాలి. వచ్చే గ్రామసభలో ఈ నాలుగూ రాతపూర్వకంగా ఇవ్వబోతున్నాను. సంతకం చేయడానికి మా వీధి తల్లులు ముందుకు వచ్చారు. తక్కిన ఊళ్ళవారు కూడా తమ సభల్లో ఇవ్వాలని కోరుతున్నాను.