మొక్కజొన్న టీచరమ్మ ఊరికి

మా మనవరాలు కుందేలును పెంచుతోంది. ఒమాహాలో మా అమ్మాయి వాళ్ళ గ్యారేజీలో కారుకో పక్క, కుందేలు గూటికో పక్క. పొద్దున్నే లేచి అది ఎంత మేసిందీ, ఎన్ని గ్రాములు పెరిగిందీ పుస్తకంలో ఎక్కిస్తుంది. హోంవర్కు చెయ్యమంటే కడుపునొప్పి వచ్చే పిల్లకి ఇంత పద్ధతి ఎక్కడిదా అనుకున్నాను. "ఫోర్ హెచ్ ప్రాజెక్టు అమ్మమ్మా. ఫెయిర్‌లో జడ్జిగారు పుస్తకం అడుగుతారు" అంది. అట్ట మీద నాలుగు రేకుల ఆకుపచ్చ ఆకు, రేకుకో హెచ్ అక్షరం. బుర్ర, గుండె, చెయ్యి, ఆరోగ్యం. అమెరికా మొత్తం మీద లక్షల మంది పిల్లలు చేరే సంఘమట.

ఇది ఎవరు మొదలుపెట్టారే అని అడిగితే ఆ పిల్ల ఫోన్లో వెతికి, మొదలుపెట్టినవాళ్ళలో ఒకావిడ పాతకాలపు ఫోటో చూపించింది. ఎత్తు కాలరు జాకెట్టు, పైకి దువ్వి కట్టిన ముడి. జెస్సీ ఫీల్డ్ షాంబా. 1881లో అయోవా రాష్ట్రంలో ఓ రైతు ఇంట్లో పుట్టింది, పల్లెటూరి పంతులమ్మ, 1971లో పోయింది. ఆవిడ పనిచేసిన క్లారిండా అనే ఊరు ఇక్కడికి రెండు గంటల లోపేనట. నేను నూజివీడు వైపు జిల్లా పరిషత్ బళ్ళలో 33 ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయినదాన్ని. నన్ను అప్పటికి రెండుసార్లు మాల్‌కీ, ఒకసారి జూకీ తిప్పారు. "శనివారం నన్ను అక్కడికి తీసుకెళ్ళండి" అన్నాను.

"అక్కడేముంది అత్తయ్యా, మొక్కజొన్న తప్ప?" అన్నాడు అల్లుడు. ఆ ఊళ్ళోనే గ్లెన్ మిల్లర్ అనే బ్యాండ్ ఆయన పుట్టిన ఇల్లు కూడా ఉందని తెలిశాక అల్లుడే ముందు షూ వేసుకున్నాడు.

సెప్టెంబరు ఆఖరు. మిస్సోరీ నది దాటి అయోవాలోకి దిగగానే గుట్టలు వచ్చాయి. వేల ఏళ్ళ కిందట గాలి మోసుకొచ్చి పోసిన మట్టి గుట్టలట. అవి దాటితే అల్లుడు చెప్పినట్టే మొక్కజొన్న, సోయా, మళ్ళీ మొక్కజొన్న. చేలన్నీ గోధుమరంగుకి తిరిగాయి. దూరాన ఎక్కడో దుమ్ము లేస్తే అక్కడ కంబైన్ అనే కోత మిషను ఉన్నట్టు. మనుషులు మాత్రం కనబడరు. మా వైపు కోతలంటే చేలో పదిమంది, గట్టు మీద నలుగురు, వాళ్ళకి టీ తెచ్చే కుర్రాడు ఒకడు. ఇక్కడ వంద ఎకరాలకి అద్దాల గదిలో ఒకే మనిషి. రోడ్డు వార కాలవ గట్ల మీద పసుప్పచ్చగా గుత్తులు గుత్తులు పూసి ఉంటే తంగేడనుకున్నాను. "గోల్డెన్‌రాడ్ అమ్మా" అంది మా అమ్మాయి. జెస్సీ మొదట పాఠాలు చెప్పిన బడి పేరు కూడా అదే.

క్లారిండా చేరేసరికి, జెస్సీ బడిని ఉంచిన మ్యూజియం ఇంకా తెరవలేదు. సరే అని ఊరి మధ్యకి వెళ్ళాం. నాలుగు వీధుల నడుమ ఎర్ర ఇటుకల కోర్టు, చుట్టూ దుకాణాలు. ఊరి జనాభా 5 వేల పైచిలుకు. మా మండల కేంద్రం కన్నా చిన్నది. ఇది పేజ్ కౌంటీకి ముఖ్యపట్టణం. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. 1906లో జెస్సీ ఈ కౌంటీ బళ్ళన్నిటికీ సూపరింటెండెంటుగా నెగ్గింది. అప్పటికి పాతికేళ్ళు. ఆ ఉద్యోగానికి పోటీ చెయ్యడానికి ఆడవాళ్ళకి చట్టం ఒప్పుకుంది గానీ, ఆ ఎన్నికలో ఓటు వెయ్యడానికి ఒప్పుకోలేదు. ఆ దేశమంతటా ఆడవాళ్ళకి ఓటు 1920లో గానీ రాలేదు. అంటే తనకి తాను ఓటేసుకునే హక్కు లేని మనిషి, మగవాళ్ళ ఓట్లతో గెలిచి కూర్చుంది. కోర్టు ముందు బెంచీ మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తింటూ ఈ సంగతే తల్చుకుని నవ్వుకున్నాను.

ఆవిడ చేతికింద 130 పల్లె బళ్ళు. గుర్రబ్బగ్గీ వేసుకుని తిరిగేదిట. నా సర్వీసులో ఎన్ని తనిఖీలు చూశానో! వచ్చిన అధికారి రిజిస్టర్లు చూడడం, సంతకం చెయ్యడం, కొబ్బరిబోండం తాగడం. ఒక్కరంటే ఒక్కరు ఏ పిల్లవాణ్ణీ "మీ నాన్న ఈ ఏడు ఏం వేశాడ్రా?" అని అడగగా నేను వినలేదు. జెస్సీ అడిగింది అదే.

మ్యూజియం తెరిచిన పెద్దావిడకి డెబ్బై అయిదు దాటి ఉంటాయి. పల్లె నుంచి తరలించి తెచ్చి నిలబెట్టిన గోల్డెన్‌రాడ్ బడి తాళం తీసి, మమ్మల్ని లోపల బల్లల మీద కూర్చోమంది. ఒకే గది. అన్ని తరగతులూ అందులోనే, టీచరూ ఒక్కరే. నాకు కొత్తేమీ కాదు, నా మొదటి పోస్టింగు ఏకోపాధ్యాయ పాఠశాలే. మా బళ్ళో ఒకటో తరగతికి పలక మీద అ ఆలు పెట్టి, అయిదో తరగతి వైపు తిరిగేసరికి ఒకటో తరగతి బయట రేగిచెట్టు కింద ఉండేది.

1901లో ఇరవయ్యేళ్ళ జెస్సీ ఈ గదిలో బడి అయిపోయాక మగపిల్లలకి మొక్కజొన్న క్లబ్బు, ఆడపిల్లలకి ఇంటి పనుల క్లబ్బు పెట్టింది. (ఆ విభజన నాకు రుచించలేదు. కానీ 1901 కదా.) పెద్దావిడ నా ముందు ఓ పొత్తు పెట్టింది. "ఇది మంచి పొత్తేనా, చెప్పండి" అంది.

ఏం చూడాలో తనే చెప్పింది. వరుసలు వంకర పోకుండా చివరిదాకా వచ్చాయా? కొసన గింజ నిండిందా? మొదలు నుంచి కొసకి లావు ఒకేలా ఉందా? "వరుసలు లెక్కపెట్టు" అని మనవరాలికిచ్చింది. పదహారు. ఇంకోటి ఇచ్చింది. పద్నాలుగు. "బేసి సంఖ్య వస్తే నీకో డాలరిస్తా" అంది. ఆ పిల్ల బుట్టలో ఉన్నవన్నీ లెక్కపెట్టింది, డాలరు రాలేదు. మొక్కజొన్న వరుసలెప్పుడూ సరిసంఖ్యేనట. అరవై ఏళ్ళుగా పొత్తులు కాల్చుకు తింటున్నాను, ఒక్కసారీ లెక్కపెట్టిన పాపాన పోలేదు.

ఆ తర్వాత తడిగుడ్డ పాఠం. ప్రతి పొత్తు నుంచీ తలో చోటా ఆరు గింజలు తీసి, తడిగుడ్డలో చుట్టి, వారం ఆగి విప్పాలి. మొలవనివి ఉంటే ఆ పొత్తు విత్తనానికి పనికిరాదు. హోల్డెన్ అనే ప్రొఫెసరు ఆ రోజుల్లో రైలు పెట్టెల్లో ఊరూరా తిరిగి రైతులకి చెప్పిన విద్య ఇలాంటిదే. జెస్సీ దాన్ని పిల్లల చేతికిచ్చింది. పిల్లలు ఇంటికెళ్ళి నాన్న దాచిన విత్తనాన్ని పరీక్ష చేస్తే, చచ్చిన గింజలు విత్తే నష్టం ఆ ఇంటికి తప్పుతుంది. మా నాన్న వేరుశనక్కాయ విత్తే ముందు తడి గోనెసంచిలో ఇదే చేసేవాడు. నేను అదే ఊళ్ళో సైన్సు టీచర్నై బీజాంకురణం గురించి బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాను. గోనెసంచి ఊసు నాకెందుకు తట్టలేదో!

అన్నట్టు, అందమైన పొత్తుకే ఎక్కువ దిగుబడి అన్న లెక్క తప్పని హెన్రీ ఎ. వాలెస్ తేల్చాడు, అదీ పడుచుతనంలోనే. తర్వాత 1926లో ఆయన పెట్టిన హైబ్రిడ్ విత్తనాల కంపెనీయే పయనీర్. మా ఊరి ఎరువుల కొట్లో గోడ మీద ఆ పేరు చూస్తూ పెరిగినవాళ్ళం. జెస్సీ చిన్నప్పుడు తండ్రితో రైతు సభలకి వెళ్ళి విన్న ఉపన్యాసకుడు ఈయన తాతే. పొత్తుల అందాల పోటీ తప్పయితే కావచ్చు, పిల్లలు చేతిలోని గింజ వంక తేరిపార చూడడం నేర్చుకున్నారు. నా లెక్కలో అది తప్పు కాదు.

అద్దాల పెట్టెలోని చిన్న పిన్ను గురించి పెద్దావిడ చాలాసేపు చెప్పింది. 1910లో జెస్సీ పిల్లల కోసం చేయించినది అలా ఉండేదిట: మూడే రేకులు, రేకుకో హెచ్, మధ్యలో మొక్కజొన్న గింజ, దాని మీద పేజ్ అనే పేరు. అచ్చు మా గోడ వారన మొలిచే పులిచింతాకు. నాలుగో రేకు తర్వాతి వాళ్ళు చేర్చారు.

1912లో జెస్సీ న్యూయార్కు వెళ్ళింది, వై.డబ్ల్యు.సి.ఎ. అనే ఆడవాళ్ళ సంఘంలో పల్లె ఆడపిల్లల పని చూడడానికి. 1917లో పెళ్ళి చేసుకుని క్లారిండాకే తిరిగొచ్చింది. పోయేదాకా ఇక్కడే.

నేను మనసులో కూడికలు వేశాను. చరిత్ర పుస్తకాలకి కావలసిన జెస్సీ 1901 నుంచి 1912 దాకా, మధ్యలో వేరే రాష్ట్రాల్లో చేసిన ఉద్యోగాలు తీసేస్తే ఏడెనిమిదేళ్ళు. 1917 నుంచి 54 ఏళ్ళు ఈ ఊరి మనిషి. ఆ 54 ఏళ్ళకి అద్దాల పెట్టె ఉండదు. పెద్దావిడతో ఇదే అన్నాను, మా అమ్మాయి ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఊళ్ళో మాకు తెలిసింది ఆ ముసలావిడే" అంది. తను చిన్నప్పుడు వీధిలో చూసేదిట. నమస్కారం పెడితే ఆగి, ఏ తరగతి చదువుతున్నావని అడిగేదిట. అంతకన్నా ఏమీ చెప్పలేదు. నాకు ఆ రోజంతా విన్నవాటిలో అదే ఎక్కువ నచ్చింది.

అల్లుడు బ్యాండ్ ఆయన ఇల్లు చూసొచ్చాడు. తిరుగు దారిలో షెనాండోవా మీదుగా వచ్చాం. జెస్సీ పుట్టినది ఆ ఊరి పక్కనే. అన్న హెన్రీ ఫీల్డ్ అక్కడ విత్తనాల కంపెనీ నడిపి, అవి అమ్ముకోవడానికి రేడియో స్టేషను కూడా పెట్టాడు. చెల్లెలు లియానా ఆ రేడియోలో పల్లె ఇల్లాళ్ళకి వంటింటి కబుర్లు చెప్పేది. ఇంటిల్లిపాదీ నోరున్నవాళ్ళే.

పెద్దావిడ మనవరాలికి ఇచ్చిన పొత్తు కుందేలు గూటి పైన కూర్చుంది. ఆదివారం ఆ పిల్ల ఆరు గింజలు వలిచి, నా పాత చీర కొంగు ముక్క తడిపి చుట్టింది. కొన్ని గింజలు కుందేలుకీ వెళ్ళాయి, పుస్తకంలో రాసింది. పై ఆదివారం విప్పి చూస్తే అయిదు తెల్లగా వేళ్ళు పెట్టాయి, ఒకటి బూజు పట్టింది. నేను ముచ్చటపడి అయిదు తక్కువేం కాదన్నాను.

"లేదు అమ్మమ్మా, ఇది విత్తనానికి పనికిరాదు" అని పుస్తకం తీసి తేదీ వేసింది.