గురువారం రాత్రి తొమ్మిదిన్నర

"ఎప్పుడు కుదిరితే అప్పుడు ఆడదాం" అనుకుని మొదలుపెట్టిన ఏ ఆన్‌లైన్ వీడియో గేమూ మేం నలుగురం చివరిదాకా ఆడలేదు. గురువారం రాత్రి తొమ్మిదిన్నర అని ఖాయం చేసుకున్నాకే ఆట ముందుకు సాగింది. మాలో ఒకడిది షిఫ్టుల ఉద్యోగం, ఇంకొకడికి చంటిపాప. అందరికీ ఖాళీ దొరికే రోజు కోసం చూస్తూ కూర్చుంటే గ్రూపులో "ఈ వారం వద్దురా, వచ్చే వారం చూద్దాం" అన్న మెసేజే తిరుగుతూ ఉంటుంది. అందుకే మాది ఒకటే మాట: టైమ్‌కి ఇద్దరున్నా చాలు, మొదలుపెట్టేయడమే.

ఆ మాట నిలబడాలంటే గేమ్ కూడా అందుకు తగ్గది కావాలి. 2021లో వచ్చిన 'ఇట్ టేక్స్ టూ' అద్భుతంగా ఉంటుంది. ఒకరు కొంటే చాలు, రెండోవాళ్లు ఉచితంగా కలవొచ్చు. కానీ దాన్ని ఇద్దరే ఆడాలి, ఒక్కరితో అడుగు కూడా పడదు. అలాంటిది ప్రతివారం తప్పకుండా వచ్చేవాడితోనే మొదలుపెట్టాలి. 'డీప్ రాక్ గెలాక్టిక్' అలా కాదు. ఎంతమంది ఉంటే అంతమందికి తగ్గట్టు శత్రువుల బలం మారుతుంది, ఒక మిషన్ దాదాపు అరగంటలో అయిపోతుంది. ఒకడు రాకపోయినా ఆ రాత్రి పాడవదు.

'బాల్డర్స్ గేట్ 3' లాంటి పెద్ద కథల దగ్గరే అసలు చిక్కు. 2023 ఆగస్టులో అది వచ్చిన కొత్తలో, స్నేహితుడు తయారుచేసుకున్న పాత్ర అతను ఆడటం మానేసినా పార్టీలోంచి, అంటే కలిసి తిరిగే జట్టులోంచి, కదిలేది కాదు. ఆ నెలాఖరు ప్యాచ్‌లో, అంటే గేమ్‌కి చేసిన సవరణలో, క్యాంపులో ఒక బీరువా పెట్టారు, రాని స్నేహితుల పాత్రలను అందులో దాచేయొచ్చు. మధ్యలో మానేసేవాళ్లు ఎంతమంది ఉంటే అలాంటి బీరువా అవసరం పడుతుంది!

మాకు బాగా అచ్చొచ్చింది 'స్టార్‌డ్యూ వ్యాలీ' అనే వ్యవసాయం ఆట. అందులో ఒక రోజంటే మన లెక్కలో పద్నాలుగు నిమిషాలు. ఆట గడియారంలో రాత్రి రెండు కాకముందే తెల్లారాలంటే అందరూ మంచమెక్కాలి. పాప ఏడుపు వినపడగానే మావాడు తన పాత్రను పడుకోబెట్టి, "వస్తా, మీరు కానివ్వండి" అని హెడ్‌సెట్ తీసేస్తాడు. మేం మొక్కలకు నీళ్లు పోసి, కోళ్లను చూసుకుని, ఒక్కొక్కరం పడుకుంటాం. వాడు తిరిగొచ్చేసరికి పొలంలో కొత్త రోజు మొదలై ఉంటుంది. ఒక్క ఇబ్బంది, పొలం హోస్ట్ దగ్గరే, అంటే ఆట తెరిచి మిగతావాళ్లను పిలిచేవాడి దగ్గరే సేవ్ అవుతుంది. హోస్ట్ రాకపోతే మిగతావాళ్లు లోపలికే పోలేరు. అందుకే ఎక్కువ తీరికున్నవాడినే హోస్ట్‌గా పెట్టుకున్నాం.

వెనకటికి 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'లో పెద్ద రైడ్‌లకు, అంటే గుంపుగా వెళ్లి పెద్ద శత్రువులతో చేసే పోరాటాలకు, నలభై మంది కావాల్సివచ్చేది. చాలా గిల్డ్‌లు (ఆటగాళ్ల సంఘాలు) హాజరుకు పాయింట్లు ఇచ్చి, ఆ పాయింట్లను బట్టే ఆయుధాలు పంచేవి. స్నేహితుల మధ్య అంత లెక్క నాకిష్టం లేదు. సాయంత్రం ఆరుకల్లా "రాలేను" అని ఒక్క మెసేజ్ చాలు. ముగ్గురం లాబీలో (ఆట మొదలయ్యేముందు అందరూ చేరే చోట) ఎదురుచూస్తుంటే మాటా పలుకూ లేకుండా ఉండటం మాత్రం నిజంగా బాధపెడుతుంది. మేం ఆ పూట ఇంకో పని మానుకుని వచ్చామని అవతలివాడికి తెలుసు కదా.

వచ్చే నెల నుంచి ఒకడి షిఫ్ట్ మారుతోంది, గురువారం ఇక కుదరదు. ఆదివారం పొద్దునకి మారుద్దామని నేనే అన్నాను. ఏ వారానికావారం అడిగి చూసుకుందామంటే మాత్రం ఒప్పుకోనని కూడా చెప్పాను. మిగతా ముగ్గురూ సరేనన్నారు.