డబ్బా మీద ఏడు రోజులని రాసుంది

నా పని రొయ్యల్లో మందు వెతకడం. విశాఖ నుంచి ఎగుమతికి వెళ్లే రొయ్యలు. ఒలిచి, మెత్తగా చేసి, కొంచెం తూచి, ఆసిడ్ కలిపి రాత్రంతా 37 డిగ్రీల వేడిలో ఉంచుతాం. చెరువులో వాడిన నైట్రోఫ్యూరాన్ అనే యాంటీబయాటిక్ రొయ్య ఒంట్లో విరిగి, ఆ ముక్కలు కండకి అతుక్కుపోతాయి. వండినా పోవు. వాటిని ఊడదీయడానికే ఆ రాత్రంతా. మర్నాడు ఎల్‌సీ-ఎంఎస్‌ఎంఎస్ అనే మెషీన్ మీద పెడితే కిలో కండలో ఒక్క మైక్రోగ్రాము, అంటే గ్రాములో పదిలక్షలో వంతు ఉన్నా బయటపడుతుంది. దొరికితే సరుకు ఓడెక్కదు.

పోయిన ఆదివారం పెందుర్తి అవతల మావయ్య కోళ్ల షెడ్డుకి వెళ్లాను. బ్యాచ్‌కి 37 రోజులు. నీళ్ల డ్రమ్ము పక్కన ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ డబ్బా. ముందురోజు దాకా కలిపాడట. మందు ఆపాక ఏడు రోజులు దాటితేనే కొయ్యాలని డబ్బా మీద సన్నక్షరాల్లో ఉంది. కోళ్లని తీసుకెళ్లే వ్యానేమో మంగళవారం వస్తుంది.

"దగ్గుతున్నాయమ్మా, చూస్తూ ఊరుకోమంటావేటి?" అన్నాడు.

ఊరుకోమనను. జబ్బు చేస్తే మందు వెయ్యాల్సిందే. ఆయన చెడ్డ రైతు కాదు. 2019లో కేంద్రం కోళ్లకి కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకూడదని నిషేధించిన రోజు నుంచి దాన్ని ముట్టుకోలేదు. కానీ ఈ ఏడు రోజుల సంగతి ఆయన్ని అడిగినవాళ్లు లేరు. చికెన్‌లో మిగిలే మందుకీ లిమిట్లున్నాయి, మా మెషీనే చికెన్‌లోనూ పట్టగలదు. మన వీధి కొట్టుకొచ్చే ప్రతి లోడుకీ రిపోర్టు అడిగేదెవరు? పరాయి దేశం వాడి పళ్లేనికి అంత కాపలా కాసి, ఇంటికెళ్తూ నేను కొనే అరకిలోని చూడకుండా వండుతున్నాను.

అమ్మ రిపోర్టు ఫోన్‌లో ఉంటే మావయ్యకి చూపించాను. పోయినేడు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు, ఆ క్రిమికి ఏ మందు పనిచేస్తుందో చూసిన కల్చర్ పరీక్ష. మనుషులకి వాడే సిప్రోఫ్లాక్సాసిన్ ఎదురుగా 'రెసిస్టెంట్', అంటే లొంగదు అని ఉంది. అది చికెన్ వల్లే వచ్చిందని నేననను, అలా చెప్పడానికి ఆధారం లేదు. కానీ ఎన్రోఫ్లాక్సాసిన్ కోడి ఒంట్లో కొంత సిప్రోఫ్లాక్సాసిన్‌గానే మారుతుంది. అదీ ఇదీ ఒకే ఇంటి మందులు.

"చెల్లికి ఈ మందు పనిచెయ్యదా?" అని రెండుసార్లు అడిగాడు.

తర్వాత వ్యాను వాడికి ఫోన్ చేశాడు. వచ్చే ఆదివారానికి ఒప్పించేసరికి రేటు కొంచెం తగ్గింది. ఆలోగా ఎన్ని బస్తాల దాణా పడుతుందో గోడ మీద సుద్దతో లెక్క వేసుకున్నాడు. అందులో సగం డబ్బు నేనిస్తానన్నాను.